కొత్త మొక్క, దాని ఈగ: కొండ మీది అనుమానం నుంచి అచ్చయిన పేరు దాకా

మే నెలలో రెండు మంచి వానలు పడ్డాక నల్లమలలోనో శేషాచలంలోనో బండల సందుల్లో గడ్డి మొలిచే చోట మోకాళ్ల మీద కూర్చుని వెతకండి. జానెడు ఎత్తు కూడా లేని ఓ మొక్క కనిపించవచ్చు. సన్నటి ఆకులు, చొక్కా గుండీ అంత పువ్వు, ఊదా గోధుమ కలిసిన రంగు. వాసన చూస్తే మళ్లీ చూడాలనిపించదు. నేల లోపల చిన్న దుంప. పూత కొద్ది రోజులే ఉంటుంది, ఆ తర్వాత అది గడ్డిలో గడ్డి అయిపోతుంది.

ఇవి బ్రాకిస్టెల్మా అనే ప్రజాతి మొక్కలు, మన జిల్లేడుకు చుట్టాలు. 2010 తర్వాతి కొన్నేళ్లలోనే ఆంధ్ర కొండల నుంచి బ్రాకిస్టెల్మా నల్లమలయానం, బ్రాకిస్టెల్మా పెంచలకోనెన్సె, బ్రాకిస్టెల్మా అన్నమాచార్యే అనే కొత్త జాతులు శాస్త్రానికి పరిచయమయ్యాయి. అవి దొరికింది మనిషి అడుగు పడని కీకారణ్యంలో కాదు. పశువులు మేసే చోట్ల, గుడికి వెళ్లే దారుల చుట్టుపక్కల కొండల్లో. అందుకే, కొత్త మొక్కను గుర్తుపట్టి, దాని పువ్వుకు పరాగ సంపర్కం చేసే పురుగును కనిపెట్టి, అచ్చులో పేరు పెట్టేదాకా నడిపించే ఈ మార్గదర్శికి వీటినే ఉదాహరణగా తీసుకున్నాను. ఉష్ణమండలంలో ఏ పూల మొక్కకైనా పని ఇదే వరసలో నడుస్తుంది, చివర్లో దొరికే పురుగు మారుతుంది, అంతే.

పనిలోకి దిగేముందు ఒక లెక్క చెప్పాలి. కొత్త జాతులుగా పేరు పెట్టిన పూల మొక్కల్లో, తొలి నమూనా తెంపిన ఐదేళ్లలోపే ప్రకటించినవి 16 శాతమేనని 2010లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. మొత్తం కొత్త జాతుల్లో దాదాపు నాలుగో వంతుకు ఆధారమైన నమూనాలు 50 ఏళ్లు దాటి బీరువాల్లో పడి ఉన్నవి. అంటే మొక్క అడవిలో దొరుకుతుంది గానీ, కొత్తదనం దొరికేది ఎక్కువగా ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియం బల్ల మీద. పువ్వు మీద వాలిన పురుగు విషయమూ అంతే. ఫొటోలో పడినంత మాత్రాన అది పరాగ సంపర్కం చేసినట్టు కాదు. ఈ రెండు పొరపాట్ల దగ్గరే ఉత్సాహవంతులందరూ జారిపడతారు. నేనూ జారాను.

మొదట కాగితాలు, తర్వాతే కొండ

రిజర్వు ఫారెస్టులోకి సేకరణ కోసం వెళ్లాలంటే రాష్ట్ర అటవీ శాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. అభయారణ్యాలు, జాతీయ పార్కులు, పులుల అభయారణ్యాలు అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం అలాంటిదే. మీతో విదేశీ పరిశోధకులో విదేశీ సంస్థో భాగస్వాములుగా ఉంటే, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నుంచి ముందే అనుమతి తెచ్చుకోవాలి. దరఖాస్తులో మొక్కలతో పాటు పురుగుల సేకరణ కూడా రాయడం మరిచిపోకండి. చాలామంది మొక్కకు అనుమతి తెచ్చుకుని, ఈగను పట్టే రోజు వచ్చేసరికి మళ్లీ మొదటి గుమ్మం ఎక్కుతారు.

శేషాచలంలో తిరిగేవాళ్లకు ఇంకో మాట. కత్తెర, చిన్న గునపం, సంచీ వేసుకుని తెల్లవారుజామున కొండెక్కే మనిషిని చూస్తే అక్కడ ఎవరికైనా ముందుగా గుర్తొచ్చేది ఎర్రచందనం. అనుమతి పత్రం నకలు జేబులో ఉంచుకోండి, బీట్ ఆఫీసరుకు ముందురోజే ఫోన్ చేయండి.

స్థానికులు తోడుంటే సగం పని అయినట్టే. నల్లమలలో చెంచులకు, శేషాచలం చుట్టుపక్కల యానాదులకు, ఎక్కడైనా మేకల కాపరులకు దుంప మొక్కలు బాగా తెలుసు. మీరు కొత్తదంటున్న మొక్కకు వాళ్ల దగ్గర పేరు ఉండి ఉండవచ్చు. పేరు అడిగి, విన్నది విన్నట్టు తెలుగులోనే రాసుకోండి. దాన్ని ప్రచురించవచ్చా అని కూడా అడగండి. ఇది కొత్త సంప్రదాయమేమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో కూర్చుని మన మొక్కలకు పేర్లు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ సండ్ర చెట్టు పేరునే లాటిన్‌లోకి ఎక్కించి ‘సుండ్ర’ అన్నాడు. సోమిద చెట్టు ‘సోయ్‌మిడా’ అయింది.

తెంపే ముందు చూడటం

మొక్క కనపడగానే చెయ్యి గునపం మీదికి వెళుతుంది. ఆపండి. ముందు చుట్టూ తిరిగి ఎన్ని మొక్కలున్నాయో లెక్కపెట్టండి. పూసినవెన్ని, పూయనివెన్ని, కాయలున్నవెన్ని అని విడివిడిగా రాయండి. ఈ లెక్క రేపు మూడు చోట్ల పనికొస్తుంది: ఎన్ని తెంపవచ్చో తేల్చుకోవడానికి, పరాగ సంపర్క ప్రయోగానికి ఎన్ని పూలు దొరుకుతాయో చూసుకోవడానికి, చివరకు ఆ జాతి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పడానికి.

తర్వాత ఫొటోలు. మొక్క మొత్తం దాని నేలతో సహా, ఆకు రెండు వైపులా, మొగ్గ, పువ్వు ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి. ప్రతి దానిలో ఒక మూల స్కేలు ఉండాలి. పువ్వు నడిమధ్యన ఉండే కిరీటం లాంటి భాగాన్ని మాక్రో లెన్సుతో పది కోణాల్లో తీయండి. ఈ ప్రజాతిలో జాతులను వేరుచేసే కీలకం అక్కడే ఉంటుంది, అది ఎండగానే నలిగి ఆకారం కోల్పోతుంది. పూరెక్కల మీద వెంట్రుకలున్నాయా, గిల్లితే పాలు వస్తాయా నీరు వస్తుందా, వాసన ఎలా ఉంది, అది ఏ పూట ఎక్కువగా ఉంది, ఇవన్నీ అక్కడికక్కడే రాయాలి. వాసనకు మాటలు వెతుక్కోకండి. కుళ్లిన పండు, తడిసిన కుక్క, పులిసిన పిండి, మీకేది తోస్తే అది.

పెన్సిల్‌తోనే రాయండి. తొలకరిలో జెల్ పెన్ను రాతలు కొండ దిగేలోపే నీలి మరకలవుతాయి. ప్రతి సేకరణకూ ఒక సంఖ్య, దాని పక్కన తేదీ, జీపీఎస్, ఎత్తు, రాయి రకం, పక్కన పెరిగే మొక్కలు. నల్లమల, శేషాచలాల్లో చాలాచోట్ల క్వార్ట్‌జైట్ రాతి మీద పలచగా పరుచుకున్న మట్టిలోనే ఇవి బతుకుతాయి. ఆ మాట నోటు పుస్తకంలో లేకపోతే రేపు ఇలాంటి చోట్లు ఇంకెక్కడున్నాయో వెతికే దారి మూసుకుపోతుంది.

నమూనా: తక్కువే తియ్యండి, బాగా తియ్యండి

కొండ మీద వంద మొక్కలుంటే దుంపతో సహా నాలుగైదు తీయడం వల్ల నష్టం లేదు. పది పదిహేను మాత్రమే కనిపిస్తే దుంప జోలికి వెళ్లకండి. పూసిన కాడ ఒకటి, విడి పూలు కొన్ని, దుంపను పక్కనుంచి మట్టి తొలగించి తీసిన ఫొటో చాలు, మట్టి మళ్లీ కప్పేయండి. శాస్త్రం పేరు మీద ఒక జాతిని తుడిచిపెట్టే హక్కు ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ విషయంలో నాతో వాదించేవాళ్లున్నారు.

తీసినదాన్ని మూడు రకాలుగా పంచాలి. ఒకటి నొక్కి ఎండబెట్టడానికి. పాత దినపత్రికల మధ్య ఆకులు కొన్ని బోర్లా, కొన్ని వెల్లకిలా పరచి, దుంపను నిలువునా రెండుగా కోసి, చెక్కల మధ్య పెట్టి బిగించాలి. తొలి వారం రోజూ కాగితం మార్చాలి. వానాకాలంలో రెండు రోజులు బద్ధకిస్తే మూడో రోజు బూజు పలకరిస్తుంది. రెండోది 70 శాతం ఆల్కహాలులో వేసే పూలు. కనీసం పది. రేపు మైక్రోస్కోపు కింద మిమ్మల్ని కాపాడేవి ఇవే. మూడోది డీఎన్ఏ కోసం లేత ఆకు ముక్కలు, సిలికా జెల్ పోసిన జిప్ కవర్లో. జెల్ రంగు మారితే వెంటనే కొత్తది పోయాలి.

ఎండిన నమూనాను దాదాపు 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు ఉన్న మందపాటి అట్ట మీద కుట్టి, చీటీ అంటిస్తారు. పురుగు పట్టకుండా పాతకాలం పద్ధతిలో మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచడం మన దగ్గర ఇంకా ఉంది. అది పాదరసం కలిసిన విషం. చేతులకు తొడుగు లేకుండా ఆ సీసా ముట్టకండి, పాత షీట్లను కూడా వట్టి చేతులతో తడమకండి.

ఇది నిజంగా కొత్తదేనా?

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, నెలలు పడుతుంది. ఫోన్ యాప్ గుర్తుపట్టలేదు కాబట్టి కొత్తది అనుకోవడం, ఆధార్ లేదు కాబట్టి ఈ మనిషే లేడనుకోవడం లాంటిది.

ముందు ప్రాంతీయ వృక్షజాల గ్రంథాలు. మద్రాస్ ప్రెసిడెన్సీ మొక్కల మీద గ్యాంబుల్ 1915లో మొదలుపెట్టిన సంపుటాలు ఇప్పటికీ మన ప్రాంతానికి తొలి మెట్టు. వాటిలోని ‘కీ’లను, అంటే ఒక్కో లక్షణం అడుగుతూ జాతి దాకా తీసుకెళ్లే ప్రశ్నల వరసలను, నడుపుతూ వెళితే మీ మొక్క ఎక్కడో ఒక చోట ఇరుక్కుంటుంది, దగ్గరి చుట్టాలు రెండు మూడు తేలతాయి. ఆపైన క్యూ ఉద్యానవనం వాళ్ల ‘ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్’లో ఆ ప్రజాతి జాతులన్నీ, మొక్కల పేర్ల అంతర్జాతీయ సూచిక ‘ఇప్ని’లో ఇప్పటిదాకా పెట్టిన పేర్లన్నీ చూడాలి. పాత వర్ణనలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి.

ఇక్కడో చిక్కుముడి ఉంది. 2017లో కొందరు శాస్త్రవేత్తలు డీఎన్ఏ ఆధారంగా బ్రాకిస్టెల్మాను మొత్తంగా సెరోపీజియా అనే ప్రజాతిలో కలిపేశారు. కొందరు ఒప్పుకున్నారు, చాలామంది పాత పేరే వాడుతున్నారు. కాబట్టి రెండు పేర్ల కిందా వెతకాలి. ఒకవైపే వెతికితే సగం జాతులు మీ కంటికి కనిపించవు.

తర్వాత హెర్బేరియం. మన పనికి తప్పనిసరి గడపలు నాలుగు: హౌరాలో దాదాపు 20 లక్షల నమూనాలున్న కేంద్రీయ జాతీయ హెర్బేరియం, కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియం, హైదరాబాద్‌లో భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ దక్కన్ కేంద్రం, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం హెర్బేరియం. విదేశాల్లో ఉన్న టైప్ నమూనాల చిత్రాలు చాలావరకు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. టైప్ అంటే ఒక పేరుకు శాశ్వతంగా ముడిపడి ఉన్న నమూనా. మీ మొక్కను పోల్చాల్సింది పుస్తకంలోని వర్ణనతో కాదు, ఆ టైప్‌తో. రాక్స్‌బర్గ్ పేర్లలో చాలావాటికి నమూనా బదులు మన చిత్రకారులతో ఆయన వేయించిన బొమ్మలే ఆధారం. ఆ బొమ్మ చూడకుండా ముందుకెళితే రెండు వందల ఏళ్ల కిందటే పేరున్న మొక్కకు మళ్లీ బారసాల చేసినట్టవుతుంది.

నేను పడ్డ గుంట ఇదీ. పూరెక్కలు పొడుగ్గా, అంచుల్లో వెంట్రుకలతో ఉన్న మొక్కను చూసి కొత్తదని ఏడాది పాటు ఊరేగాను. హెర్బేరియంలో ఒకే జాతి షీట్లు ఇరవై వరసగా పరిచి చూస్తే, పొట్టి రెక్కల నుంచి పొడుగు రెక్కల దాకా మధ్యలో ఎక్కడా తెగని వరస కనిపించింది. నా మొక్క ఆ వరసకు ఒక చివర. ఆ రోజు నుంచి నాకో నియమం: వేర్వేరు మొక్కల నుంచి కనీసం 20 పూలు కొలవకుండా ‘తేడా’ అనే మాట రాయను. మీ పట్టికలో ప్రతి లక్షణానికీ కనిష్ఠం, గరిష్ఠం ఉండాలి. దగ్గరి జాతి కొలతలతో అవి కలిసిపోతే ఆ లక్షణం కొట్టేయండి. కలవని లక్షణాలు రెండు మూడు మిగిలితే, అవి కూడా నీడకో, ఎరువుకో, పశువులు మేయడానికో మారేవి కాకపోతే, అప్పుడు ఆశ పెట్టుకోవచ్చు.

డీఎన్ఏ తప్పనిసరి కాదు. ఐటీఎస్, మాట్‌కే, ఆర్‌బీసీఎల్ అనే భాగాలు చదివిస్తే బలం పెరుగుతుంది. అయితే ఈమధ్యే విడిపోయిన జాతుల్లో ఈ భాగాలు అచ్చం ఒకేలా ఉండవచ్చు. డీఎన్ఏలో తేడా లేదని వెంటనే నీరుగారిపోకండి, తేడా ఉందని ఎగిరి గంతెయ్యకండి.

ఈగ కోసం కూర్చోవడం

కొత్త జాతి వ్యాసాల్లో చాలావాటిలో ఈ అధ్యాయమే ఉండదు. మొక్కకు పేరు పెట్టి చేతులు దులుపుకుంటారు. నాకు మాత్రం ఈ పని అంతటిలో ఇష్టమైన భాగం ఇదే.

ముందు ఇంటి దగ్గర అభ్యాసం. ఒక జిల్లేడు పువ్వు తెచ్చుకోండి. పాలు కంట్లో పడితే ప్రమాదం, జాగ్రత్త. పది రెట్లు పెద్దగా చూపే చేతి లెన్సుతో నడిమధ్య ఉన్న అయిదు మూలల బిళ్లను చూడండి. ప్రతి మూలలో సూదిమొనంత ముదురు చుక్క ఉంటుంది. సన్నటి సూదిని ఆ చుక్క కింది చీలికలో పెట్టి పైకి లాగండి. చుక్కతో పాటు రెండు పసుపు రంగు తిత్తులు వేలాడుతూ బయటికి వస్తాయి. జిల్లేడు కుటుంబంలో పుప్పొడి పొడిగా రాలదు, ఇలా జంట తిత్తులుగా మూటకట్టి ఉంటుంది. జిల్లేడు మీద నల్లటి పెద్ద తుమ్మెద కాలు ఆ చీలికలో ఇరుక్కుంటుంది, లాక్కునేటప్పుడు మూట కాలికి తగులుకుని వెళుతుంది. మరో పువ్వు చీలికలో తిత్తి దూరితేనే కాయ. బ్రాకిస్టెల్మాలోనూ ఇదే యంత్రం, కాకపోతే తుమ్మెద బదులు రెండు మూడు మిల్లీమీటర్ల ఈగ, కాలి బదులు ఎక్కువగా దాని మూతి భాగాలు. జిల్లేడు మీద చెయ్యి తిరిగాకే కొండ మీది చిన్న పువ్వు జోలికి వెళ్లండి.

ఇప్పుడు పువ్వు దినచర్య. పది మొగ్గలకు రంగు దారాలు కట్టి, ఎప్పుడు విచ్చుకుంది, వాసన ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లు నిలిచింది, ఎప్పుడు వాడింది అని రెండు గంటలకోసారి రాయండి. రాత్రి కూడా. మామూలు పూల మొక్కలయితే కీలాగ్రం సిద్ధంగా ఉందా అని హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి బుడగలు చూస్తారు, మకరందాన్ని సన్నటి గాజు గొట్టంతో తీసి రిఫ్రాక్టోమీటర్‌లో చక్కెర శాతం చూస్తారు. మన మొక్కలో కీలాగ్రం లోపల దాగి ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష కుదరదు.

ఆపైన కాపలా. పువ్వుకు మీటరు దూరంలో, నీడ దాని మీద పడకుండా, కదలకుండా కూర్చోవాలి. 15 నిమిషాలు చూడటం, ఐదు నిమిషాలు విరామం. తెల్లవారక ముందు నుంచి చీకటి పడేదాకా, కనీసం మూడు నాలుగు రోజులు. రాత్రి ఎర్ర కాగితం చుట్టిన టార్చి వాడండి, చాలా పురుగులకు ఎరుపు సరిగా కనిపించదు. ప్రతి రాకకూ ఇవి రాయాలి: ఎన్ని గంటలకు, ఎలాంటి పురుగు, ఎక్కడ వాలింది, నడిమధ్య భాగాన్ని ముట్టిందా, ఎంతసేపు ఉంది, తర్వాత అదే జాతి మరో పువ్వుకు వెళ్లిందా. చీమలు, నల్లులు, సాలీళ్లు, ఆకు తినే పురుగులు అన్నీ వస్తాయి. అవన్నీ అతిథులే, అందరూ పెళ్లిపెద్దలు కారు. గొట్టం పూలకు పక్కన కన్నం వేసి తేనె తాగిపోయే తుమ్మెదను శాస్త్రంలో కూడా దొంగ అనే అంటారు.

నాలుగు రోజులు కూర్చున్నా ఒక్క ఈగా రాలేదా? నాకు అలా జరిగింది. అప్పుడు పాత పూలు పనికొస్తాయి. వాడిపోవడానికి సిద్ధంగా ఉన్న పూలను ఆల్కహాలులో వేసి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టండి. అయిదు చోట్లలో ఎన్ని మూటలు పోయాయి, ఎన్ని చీలికల్లో కొత్త తిత్తులు దూరాయి? మీరు చూడకపోయినా ఎవరో వచ్చి వెళ్లారని పువ్వు చెబుతుంది. పది పూలు చూస్తే ఆ ‘ఎవరో’ తరచూ వస్తున్నారా, ఎప్పుడో ఒకసారా అనేదీ తెలుస్తుంది.

వచ్చిన ఈగలను కొన్నింటిని పట్టాలి. అంత చిన్నవాటికి వల కన్నా, రెండు గొట్టాలున్న చిన్న సీసాతో నోటితో పీల్చి పట్టే ఆస్పిరేటరే మేలు. పీల్చే గొట్టం లోపలి కొసకు పలచటి గుడ్డ కట్టడం మరిచిపోతే ఈగ గొంతులోకి వెళుతుంది, అనుభవంతో చెబుతున్నాను. సగం ఈగలను ఇథైల్ ఎసిటేట్ సీసాలో చంపి, కోణం కాగితం కొసకు అంటించి గుండుసూదికి గుచ్చండి. మిగతా సగాన్ని 95 శాతం ఆల్కహాలులో డీఎన్ఏ కోసం ఉంచండి. ప్రతి ఈగనూ విడి సీసాలో వేయాలి. కలిపి వేస్తే ఒకదాని మూతికున్న మూట ఇంకోదానికి అంటుకుని సాక్ష్యమంతా పాడవుతుంది. తర్వాత మూతి భాగాల మీద మూటలున్నాయా చూసి, అవి మీ మొక్కవేనా అని తిత్తుల ఆకారం, కొలతలతో పోల్చాలి. అదే కొండ మీద సెరోపీజియాలు కూడా పూస్తుంటే ఈ మెట్టు దాటవేయడానికి వీల్లేదు.

ఇక తిరుగులేని సాక్ష్యం సంచులతో వస్తుంది. కొన్ని మొగ్గలకు సన్నటి నెట్ గుడ్డ సంచులు కట్టి పురుగు రాకుండా చేయండి. కొన్నింటికి సంచి కట్టి, అదే మొక్క తిత్తిని మీరే సూదితో చీలికలో దూర్చండి. మరికొన్నింటికి దూరంగా ఉన్న వేరే మొక్క తిత్తి. ఇంకొన్నింటిని దారం కట్టి ఊరికే వదిలేయండి. ఒక్కో రకానికి 30 పూలుంటే మంచిది, అరుదైన మొక్కకు పది దొరికినా భాగ్యమే. ఎన్ని కాయలు కాశాయో చూస్తే మొక్కకు పురుగు అవసరమా, తనకు తానే కాస్తుందా, సొంత పుప్పొడిని ఒప్పుకుంటుందా అన్నీ తేలతాయి. మీరు చేత్తో చేసిన వాటిలో కాయలు దండిగా, వదిలేసిన వాటిలో ఒకటీ అరా వస్తే, అక్కడ ఈగలు తక్కువయ్యాయని అనుమానించాలి.

ఈ సంచుల పని ఎంత విలువైనదో గోదావరి జిల్లాల పామాయిల్ రైతులకు చెప్పక్కర్లేదు, వాళ్ల తోటల్లోనే ఆ కథ ఉంది. ఆయిల్ పామ్‌కు గాలే పుప్పొడి మోస్తుందని దశాబ్దాల పాటు నమ్మారు. మలేసియాలో కాయ సరిగా పట్టక కూలీలు చేత్తో పుప్పొడి చల్లేవారు. 1970ల చివర్లో సయ్యద్ అనే కీటక శాస్త్రవేత్త ఆ చెట్టు పుట్టిల్లయిన ఆఫ్రికాలో, కామెరూన్‌లో కూర్చుని, పని చేసేది గాలి కాదు, ఒక చిన్న ముక్కు పురుగు అని చూపించాడు. 1981లో ఆ పురుగును మలేసియా తోటల్లో వదిలారు, చేత్తో చల్లే అవసరం పోయింది. తర్వాత అది మన దేశానికీ వచ్చింది. ఇవాళ పెదవేగి వైపు ఏ తోటలోనైనా విచ్చిన మగ పూగుత్తిని తట్టితే బిలబిలమంటూ రాలేవి అవే. మేడిపండులో పురుగులని ఎగతాళి చేస్తాం గానీ, ఆ కందిరీగ జాతి పురుగు లోపలికి దూరకపోతే మేడిలో గింజే కట్టదు.

వాసన ఎందుకు రాసుకోమన్నానో ఇప్పుడు చెబుతాను. దక్షిణాఫ్రికాలో సెరోపీజియా శాండర్సోనీ అనే తీగ పువ్వు, సాలీడు నోట చిక్కి గాయపడిన తేనెటీగ వాసనను అచ్చు దింపుతుందని 2016లో బయటపడింది. చనిపోతున్న తేనెటీగ రసాలు తాగి బతికే చిన్న ఈగలు విందు ఉందనుకుని వచ్చి పూగొట్టంలో చిక్కుకుంటాయి, మూటలు మోసుకుని మరునాడు బయటపడతాయి. మన కొండ మీది పువ్వు దేన్ని అనుకరిస్తోందో తెలుసుకోవాలంటే ‘దుర్వాసన’ అని ఒక్క మాట రాస్తే చాలదు.

ఈగకు పేరు మీరే పెట్టే సాహసం చేయకండి. కుటుంబం దాకా మీరు గుర్తుపట్టవచ్చు, ఆపైన ఆ ఈగల మీద పనిచేసే నిపుణులకు పంపాలి. కోల్‌కతాలోని భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దగ్గర అడగడం మొదలుపెట్టండి. ఈగ కూడా కొత్త జాతి అయ్యే అవకాశం ఉంది. దాని పేరుకు జంతువుల నామకరణ నియమాలు వేరు, ఆ వ్యాసం వేరేగా రాయాలి.

పేరు, అచ్చు

మొక్కల పేర్ల లెక్క 1753 మే 1 నుంచి మొదలవుతుంది. ఆ నాటి నుంచి ఇప్పటిదాకా ఆ ప్రజాతిలో ఎవరూ వాడని పేరే పెట్టాలి. 2012 జనవరి 1 నుంచి వర్ణన లాటిన్‌లోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు. ఐఎస్ఎస్ఎన్ సంఖ్య ఉన్న ఆన్‌లైన్ పత్రికలో పీడీఎఫ్‌గా వచ్చినా చెల్లుతుంది. వర్ణన తెలుగులో మాత్రమే రాస్తే చెల్లదు, మనసుకు కష్టంగా ఉన్నా నియమం అది. హోలోటైప్, అంటే కొత్త పేరుకు టైప్‌గా మీరు ఎంచిన ఒకే ఒక్క నమూనా, ఏ షీటో, అది ఏ హెర్బేరియంలో ఉందో స్పష్టంగా రాయాలి. ఆ ఒక్క వాక్యం మరిచిపోయి పేరు చెల్లకుండా పోయినవాళ్లున్నారు. అదే సేకరణలోని మిగతా షీట్లు ఐసోటైప్‌లు, వాటిని వేర్వేరు ఊళ్ల హెర్బేరియాలకు పంచండి. ఒకచోట నిప్పంటుకున్నా ఇంకోచోట మిగలాలి.

పేరు చివరి అక్షరాలతో లాటిన్ వ్యాకరణం ఆడుకుంటుంది. బ్రాకిస్టెల్మా నపుంసక లింగం, అందుకే పెంచలకోన నుంచి ‘పెంచలకోనెన్సె’ వచ్చింది. దాన్నే స్త్రీలింగమైన సెరోపీజియాలోకి మారిస్తే ‘పెంచలకోనెన్సిస్’ అవ్వాలి. మనిషి పేరు ‘అ’కారంతో ముగిస్తే ఆడ మగ తేడా లేకుండా చివర ‘ఎ’ చేరుతుంది, అన్నమాచార్య ‘అన్నమాచార్యే’ అయింది ఆ నియమంతోనే. మీ పేరు మీరే పెట్టుకోవడాన్ని నియమాలు అడ్డుకోవు గానీ, లోకం నవ్వుతుంది.

వ్యాసంలో దగ్గరి జాతితో పోలిక పట్టిక, రేఖాచిత్రాల పలక, రంగు ఫొటోల పలక, పటం, ఈగల సాక్ష్యం ఉండాలి. ఫైటోటాక్సా, రీడియా, నెలంబో, కోయంబత్తూరు నుంచి వచ్చే జర్నల్ ఆఫ్ త్రెటెన్డ్ టాక్సా లాంటివి ఇలాంటి పనికి తలుపు తట్టదగినవి. సమీక్షకులు రెండు మూడు సార్లు తిప్పి పంపుతారు. ఆ ప్రజాతిలో మీకన్నా ఎక్కువ షీట్లు చూసిన మనిషి ‘ఫలానా జాతితో పోల్చారా?’ అని అడిగితే నొచ్చుకోకుండా వెళ్లి పోల్చండి.

ఎంత చెప్పాలి, ఎంత దాచాలి

ప్రమాద స్థాయిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) కొలతలతో చెప్పాలి. పునరుత్పత్తి చేసే మొక్కలు 50కి లోపుంటే ‘అత్యంత ప్రమాదకర స్థితి’, 250కి లోపుంటే ‘ప్రమాదకర స్థితి’ కిందికి రావచ్చు. మొక్క ఉన్న విస్తీర్ణాన్ని రెండు కిలోమీటర్ల గడులతో లెక్కిస్తారు. ఒక్క చోటే చూసి, చుట్టుపక్కల కొండలు వెతకకుండా పెద్ద మాట రాయకండి, ‘సమాచారం చాలదు’ అనే వర్గం అందుకే ఉంది. తొలి రోజు కొండ మీద రాసుకున్న లెక్క ఇక్కడ బయటికి తీయాలి.

జీపీఎస్ అంకెలు పూర్తిగా అచ్చు వేయకండి. దుంప మొక్కలను, వింత పూలను కొని పెంచే సరదా ఉన్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కచ్చితమైన చోటు హెర్బేరియం రికార్డులోనూ అటవీ శాఖ దగ్గరా ఉంటే చాలు. వ్యాసంలో కొండ పేరు, జిల్లా, ఎత్తు రాయండి. తోడొచ్చిన కాపరి పేరు వేయడానికి ఆయన ఒప్పుకుంటే కృతజ్ఞతల్లో వేయండి, అచ్చయిన పలక ఒకటి తీసుకెళ్లి ఇంటికే ఇచ్చి రండి. మళ్లీ ఏడాది తొలి వానకు ‘అయ్యా, మీ గడ్డ పువ్వు పూసింది’ అని ఫోన్ చేసేది ఆయనే. దారాలు కట్టిన మొక్కల్లో ఎన్ని మళ్లీ మొలకెత్తాయో, సంచులు లేని పూలు ఎన్ని కాయలయ్యాయో ఆ ప్రయాణంలోనే లెక్కపెట్టుకోవచ్చు.